ఎనిగ్మాకి తెలుగు అడిగితే 'పొడుపు' దగ్గర ఆగిపోయాం

అమలాపురం అనువాదకుడు:
ఒక వాక్యం సగం గుర్తొచ్చి సగం రాక చంపుతోంది. 1939 అక్టోబరు 1న చర్చిల్ రేడియోలో రష్యా గురించి అన్న మాట మీకందరికీ తెలిసిందే. రష్యా ఏం చేస్తుందో చెప్పలేను, అదొక రిడిల్, దాని చుట్టూ మిస్టరీ, అదంతా ఎనిగ్మా లోపల అన్నాడు. దీని తెలుగు ఎప్పుడో ఓ పాత వారపత్రికలో చదివాను. 'చిదంబర రహస్యంలో చుట్టిన పొడుపుకథ' వరకూ వస్తోంది. ఎనిగ్మాకి ఏం వేశారో రావట్లేదు. మూడక్షరాల మాట. ప్రహేళిక మాత్రం కాదు.

భీమవరం బుల్లోడు:
మూడక్షరాలంటే గూఢము, మర్మము. ఇంకేముంటాయి? అది సరే గానీ, చిదంబర రహస్యం అక్కడ ఎలా అతుకుతుందండీ? చిదంబరంలో తెర తీస్తే కనపడేది ఖాళీ చోటూ, బంగారు మారేడు దండలూ. ఆకారం లేకపోవడమే అక్కడి రహస్యం. చర్చిల్ ఏమో ఆ వెంటనే 'దీనికో తాళంచెవి ఉందేమో' అన్నాడు. ఆ తాళంచెవి రష్యా జాతీయ ప్రయోజనం అని కూడా చెప్పాడు. ఖాళీ గదికి తాళంచెవితో ఏం పని?

పాలకొల్లు మాస్టారు:
బుల్లోడు గారి మాట బాగుంది. కానీ తిరకాసు మాటల్లో లేదు, వరసలో ఉంది. ఇంగ్లీషులో లోపలి గింజ ముందొస్తుంది, పై పెంకు చివరికొస్తుంది. తెలుగులో 'ఎనిగ్మాలో ఉన్న మిస్టరీలో చుట్టిన రిడిల్' అని పెంకు దగ్గర మొదలెట్టాలి. రేడియో వినేవాడికి చివర్లో 'ఎనిగ్మా' అని ఠంగుమంటుంది చూశారూ, మనకి అక్కడ 'పొడుపుకథ' పడి తుస్సుమంటుంది. పొడుపుకథ అనగానే పిడకా, కవ్వమూ గుర్తొస్తాయి గానీ స్టాలిన్ గుర్తొస్తాడా?

కడియం నర్సరీ:
మాస్టారూ, అక్కడ గింజా పెంకూ తేడాయే లేదు. ఎనిగ్మాకి మూలమైన గ్రీకు క్రియకి అర్థం పొడుపుగా మాట్లాడటమే. రిడిల్ ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట, చదవడానికి వాడే 'రీడ్'కి చుట్టం. పూర్వం దాని చివర ఒక 'స్' ఉండేది. బహువచనం అనుకుని జనం పీకేశారు. ఒకటి ఇంటి సరుకు, ఒకటి దిగుమతి, అంతే. మనకి పొడుపుకథా ప్రహేళికా ఉన్నట్టే. సంస్కృత అలంకారికుడు దండి కావ్యాదర్శంలో ఏకంగా 16 రకాల ప్రహేళికలు చెప్పాడు. ఆ మాటకి వంకేమిటో అనువాదకుడు గారు చెప్పాలి.

అమలాపురం అనువాదకుడు:
వంకేం లేదండీ. నేను చదివింది అది కాదు, అంతే.

యానాం నుంచి:
1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న ఊరు కాబట్టి నేను మూడో భాషని దింపుతున్నా. వాళ్ళు పజిల్‌ని 'కాస్ తెత్' అని కూడా అంటారు, తల పగలగొట్టేది అని. మనం బుర్ర బద్దలు కొట్టుకోవడం లాగే. ఇంగ్లీషు పజిల్‌కి పుట్టుక ఏమిటో నిఘంటువులే తేల్చలేదు. చిక్కు ప్రశ్నకి వాళ్ళనే కనండ్రమ్ సంగతీ అంతే, చూడ్డానికి లాటిన్ వేషం, లోపల లాటిన్ లేదు.

రావులపాలెం అరటిగెల:
పొడుపుకీ రిడిల్‌కీ ఒకే పోలిక అని నా గట్టి నమ్మకం. గోడని బుల్లెట్లతో రిడిల్ చేశారంటారు, అంటే తూట్లు పొడిచారని. వాళ్ళదీ పొడుపే, మనదీ పొడుపే. ఆయ్!

కడియం నర్సరీ:
ఆ రిడిల్ వేరండీ. తోటపనిలో మట్టి జల్లించే ముతక జల్లెడని ఇంగ్లీషులో రిడిల్ అంటారు. మీ తూట్లు ఆ జల్లెడవి. స్పెల్లింగు ఒకటే, చుట్టరికం లేదు.

పాలకొల్లు మాస్టారు:
అసలు పొడుపుకథలో పొడవడం అంటే గుచ్చడమని ఎవరన్నారు? పొద్దు పొడవడం అంటాం. లోపలున్నది పైకి రావడం అది. చీకట్లో ఉన్న అర్థం ఉదయిస్తుంది కనుక పొడుపుకథ.

భీమవరం బుల్లోడు:
ఉదయిస్తే దాన్ని విప్పడం అంటారు మాస్టారూ. పొడిచేవాడు దాచేవాడు, విప్పేవాడు వేరే. సూర్యుడు దాక్కుంటూ పొడుస్తాడా?

నరసాపురం లేసు:
మధ్యలో నాదో సందేహం. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు' అని మా పుట్టింట్లో. అత్తవారింట్లో 'కిటారు' అంటారు. ఏది సరైంది? మిస్టరీకి గ్రీకులో కళ్ళో నోరో మూసుకోవడం మూలమని చదివాను. అప్పటినుంచీ ఆ మాట వింటే ఈ కనురెప్పల కథే తడుతోంది.

భీమవరం బుల్లోడు:
రెండూ కాదక్కా, కటారి. రెప్పవెంట్రుకలు కత్తుల్లా ఉంటాయి కాబట్టి.

పాలకొల్లు మాస్టారు:
కటారి అంటే కిటకిటతో జోడీ చెడుతుంది. చప్పుడు కోసం పుట్టిన మాటకి అర్థం వెతక్కండి. కవ్వం తైతక్కలాడిందంటాం, తైతక్కకి అర్థం అడిగామా?

కడియం నర్సరీ:
అందరూ పక్కదారి పట్టారు. మూడక్షరాల మాట కళ్ళముందే ఉంది. సమస్య!

పాలకొల్లు మాస్టారు:
ఈ రోజుల్లో సమస్య అంటే కుళాయి రాకపోవడం, పింఛను పడకపోవడం. చర్చిల్ వాక్యంలో పెడితే అర్జీ అనుకుంటారు.

కడియం నర్సరీ:
నేనంటున్నది అవధానం సమస్య. 'కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్' తీసుకోండి. ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది, అసంభవం. పాండవులు విరటుడి కొలువులో చేరారు అని పూరించగానే తాళం తీసినట్టు తెరుచుకుంటుంది. చర్చిల్ చెప్పిన తాళంచెవి ఇలాంటిదే. అవధానాల్లో పేరుమోసిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు 1870లో పుట్టిన ఊళ్ళో ఉంటున్నాను, ఈ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

భీమవరం బుల్లోడు:
దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు పుట్టింది మా వైపు ఎండగండిలో. తిరుపతి వేంకట కవులనే ఆ జంటకవుల్లో మీకు సగమే దక్కుతుంది, గమనించగలరు.

కడియం నర్సరీ:
తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళ వారు జంట పేరుతోనే రాశారు. ఆయనే సగం అడగలేదు, మీరడుగుతున్నారు.

యానాం నుంచి:
వాళ్ళ పద్యాల్లో ఏది ఎవరిదో విడదీయమంటే, నాకు తెలిసి దాన్నే ఎనిగ్మా అనాలి.

అమలాపురం అనువాదకుడు:
సమస్య బాగానే ఉంది గానీ, నేను చదివిన మాటలో ఒత్తు ఉన్నట్టు లేదండీ.

పాలకొల్లు మాస్టారు:
ఒత్తు తరవాత చూద్దాం. పొడుపు గుచ్చడం కాదనడానికి నా దగ్గర వ్యాకరణం ఉంది. కత్తితో అయితే 'నన్ను' పొడిచాడంటాం. కథ అయితే 'నాకు' ఒకటి పొడు అంటాం. విభక్తి మారింది, క్రియ వేరు. బుల్లోడు గారు దీనికి జవాబు చెప్పాక కటారి దగ్గరికి వెళ్ళొచ్చు.

నరసాపురం లేసు:
జవాబు నేను చెప్తాను మాస్టారూ. మా నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉండేది. 'జాతరలో నాకు పొడిచింది' అనేది గానీ 'నన్ను పొడిచింది' అని ఎప్పుడూ అనలేదు. పొడిచింది మాత్రం సూదితోనే.