క్వార్టర్ ఖాళీగానే ఉంది, రిజిస్టర్‌లో మాత్రం మనిషి ఉన్నాడంటున్నారు. ఏం చేయాలి?

సిక్కోలు ఆడపడుచు:
పొద్దున తొమ్మిదింటికి వెళ్తే ఇప్పుడు ఇంటికొచ్చాను. ఐదు గంటలు రెండు ఆఫీసుల మధ్య తిరిగాను. ఆర్మీ క్వార్టర్ అలాట్‌మెంట్ లెటర్ వచ్చింది. ఇల్లు ఖాళీ. తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. లోపల ఎవరూ లేరు, నా కళ్లతో చూశాను. ఒక ఆఫీసులో "ఖాళీయే, వెళ్లి దిగండి" అంటున్నారు. ఇంకో ఆఫీసులో "మా లెక్కలో అందులో మనిషి ఉన్నాడు, మీటర్ మీ పేరు మీదకి మార్చం" అంటున్నారు. నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని ఓనర్ గారికి చెప్పేశాను. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. మా ఆయన ఆర్మీలో, ఇప్పుడు ఫీల్డ్‌లో (కుటుంబాన్ని తీసుకెళ్లలేని పోస్టింగ్‌లో) ఉన్నారు, ఫోన్‌కి దొరికేది వారానికి ఒకసారి. ఎవరిని పట్టుకోవాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సుబేదార్:
పాతవాళ్ల మార్చింగ్ అవుట్ అయిందా?

సిక్కోలు ఆడపడుచు:
అదేంటో నాకు తెలియదు సర్. ఇల్లు ఖాళీ అని రాశాను కదా.

రిటైర్డ్ జేఈ:
కాగితాల సంగతి వేరేవాళ్లు చెబుతారమ్మా. ముందు ఆ ఇల్లు ఎన్నాళ్లుగా మూసి ఉందో కనుక్కోండి. ఆర్మీ కట్టడాలు చూసే ఎమ్‌ఈఎస్‌లో (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) నా సర్వీసంతా బిల్డింగ్స్ అండ్ రోడ్స్ పనే. మనుషులున్న ఇంటికంటే తాళం వేసిన ఇల్లే ముందు పాడవుతుంది. బాత్రూమ్ జాలీ కింద నీళ్లు నిలిచే వంపు ఉంటుంది. వాడకం లేకపోతే ఆ నీళ్లు కొన్ని వారాల్లో ఆరిపోయి, డ్రైనేజీ కంపు, బొద్దింకలు నేరుగా ఇంట్లోకి వస్తాయి. పైన ట్యాంకు మూత సరిగ్గా లేకపోతే వానాకాలంలో పది రోజుల్లో దోమలు తయారవుతాయి. స్లాబ్ మీది నీళ్లు దిగే గొట్టం నోట్లో ఆకులు అడ్డం పడితే పైన మడుగు కడుతుంది, పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క లేస్తుంది. ఆ మొక్కను వేలంత ఉన్నప్పుడు పీకేస్తే ఒక్క నిమిషం పని. రెండేళ్లు వదిలేస్తే గోడ పగలగొట్టాలి. గోడ బీరువాల వెనక చెదలు సరేసరి. నెలకోసారి ఎవరో ఒకరు వెళ్లి కిటికీలు తెరిచి, కుళాయిలు కాసేపు వదిలి, ప్రతి జాలీలో బకెట్ నీళ్లు పోస్తే చాలు. ఒక్కో ఇంటికి పావుగంట పట్టదు. ఆ పావుగంట ఎవరి డ్యూటీలోనూ రాసి ఉండదు. నాకు ఇప్పటికీ బాధ అక్కడే.

సిగ్నల్స్ హవల్దార్:
అక్కా, అది ఎస్‌ఎఫ్‌ఏనా (సెపరేటెడ్ ఫ్యామిలీ అకామొడేషన్), మామూలు మ్యారీడ్ అకామొడేషనా? బావగారు ఫీల్డ్‌కి వెళ్లాక ఇచ్చారంటే ఎస్‌ఎఫ్‌ఏ అయి ఉండాలి. రెండూ వేరు.

పాత సుబేదార్:
ఇల్లు ఇల్లే. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాల కోసం పక్కన పెట్టిన కోటాను ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. అంతే.

సిగ్నల్స్ హవల్దార్:
మా మిలిటరీ స్టేషన్‌లో ఆ బ్లాకులే వేరు సర్. వెయిటింగ్ లిస్టు కూడా వేరు.

పాత సుబేదార్:
మీ స్టేషన్ సంగతి అది. అన్నిచోట్లా అలా లేదు.

లీసెస్టర్ తెలుగోడు:
ఖాళీ ఇళ్ల బాధ మన దగ్గరే కాదండీ. ఇక్కడ బ్రిటన్‌లో రక్షణ శాఖ 1996లో 57,400 సైనిక కుటుంబాల ఇళ్లను సుమారు 166 కోట్ల పౌండ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మేసి, అవే ఇళ్లను తిరిగి లీజుకి తీసుకుంది. మనుషులు లేని ఇళ్లకి కూడా అద్దె కట్టింది. చివరికి 2025 జనవరిలో వాటిలో 36,347 ఇళ్లను దాదాపు 600 కోట్ల పౌండ్లు పెట్టి మళ్లీ కొనుక్కుంది. మన దేశంలో ఇళ్లు ఇంకా సైన్యం చేతిలోనే ఉన్నాయి. ఆ విలువ తెలుసుకోవాలి.

సిక్కోలు ఆడపడుచు:
అన్నా, అదంతా సరే, నేను సామాను ఎప్పుడు మార్చాలి? చిన్న గదికి వేరే తాళం ఉంది కానీ మిగతా ఇల్లంతా ఖాళీయే. పక్కింటి అక్క తాళంచెవి ఇచ్చినప్పుడు "వాళ్ల పెట్టెలు రెండు మూడు ఆ గదిలో ఉన్నాయి, సెలవుకి వచ్చినప్పుడు తీసుకెళ్తారు" అని చెప్పింది. మాకు రెండు గదులు చాలు.

పాత సుబేదార్:
మొదట చెప్పాల్సింది ఇదే అమ్మా. తాళంచెవి పక్కింటివాళ్లు ఇచ్చారంటే ఆ ఇల్లు అప్పగించినట్టే కాదు. పోస్టింగ్ మీద వెళ్లేవాళ్లు బ్యారక్ స్టోర్ వాళ్ల (క్వార్టర్‌లో ఇచ్చిన ఫర్నిచర్, ఫిట్టింగుల లెక్క చూసేవాళ్లు) ముందు సామాను లెక్క చూపించి, తాళంచెవి ఇచ్చి, ఇల్లు ఖాళీ చేశామనే వెకేషన్ రిపోర్ట్ మీద సంతకం పెట్టాలి. అదే మార్చింగ్ అవుట్. అది కాలేదు కాబట్టి పాతాయన పేరు మీదే అద్దె నడుస్తోంది. స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ అలాట్‌మెంట్ ఇస్తుంది, ఇంటిని అప్పగించేది ఎమ్‌ఈఎస్. మీకు ఎదురైంది ఈ రెండు రిజిస్టర్ల తేడా.

సామాను మార్చకండి. ఇంట్లో దిగామనే ఆక్యుపేషన్ రిపోర్ట్ మీద సంతకం అసలే పెట్టకండి. పెట్టిన రోజు నుంచి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఆగిపోతుంది. మీరుండేది ఎక్స్ కేటగిరీ పెద్ద నగరమైతే మూలవేతనంలో 30 శాతం, చిన్న మొత్తం కాదు. తాళంచెవి పక్కావిడకి తిరిగి ఇచ్చేయండి. పాతాయన యూనిట్ ఏదో కనుక్కుని, ఆయన తరఫున ఒక మనిషికి ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి పంపమని మీవారి యూనిట్ నుంచి రాయించండి. ఆ మనిషి ఎదురుగా ఉండగానే గది తెరవాలి. మీరు తెరవకూడదు. రేపు ఏ గిన్నె పోయినా మాట మీ మీదకి వస్తుంది.

నాలుగు స్టేషన్ల కోడలు:
సుబేదార్ గారూ, ఆ పెట్టెలవాళ్లను తప్పుచేసినవాళ్లలా చూడొద్దు. నేనూ ఒకసారి అలాగే ఒక గది తాళం వేసి వెళ్లాను. తొమ్మిదో నెల, కొత్త స్టేషన్‌లో క్వార్టర్ దొరకలేదు, పుట్టింట్లో అంత సామాను పట్టదు. నలభై రోజులు.

పాత సుబేదార్:
అర్థమైందమ్మా. కానీ ఆ నలభై రోజులూ మీలాంటి ఆడకూతురు ఒకామె అద్దె ఇంట్లో ఉంది కదా.

నాలుగు స్టేషన్ల కోడలు:
అవును. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. సామాను పెట్టుకోవడానికి స్టేషన్‌లో ఒక గది ఉండి ఉంటే ఇల్లు వదిలేసేదాన్నే.

రిటైర్డ్ జేఈ:
ఆ గది ఉండాలి. నేనూ ఒప్పుకుంటాను. ఇంకొకటి, మార్చింగ్ ఇన్ రోజు, అంటే ఇల్లు మీకు అప్పగించే రోజు, తొందరపడొద్దు. ఫ్యాన్లు, కుళాయిలు, కిటికీ అద్దాలు, గీజర్ ఒక్కొక్కటీ చూసి, పగిలింది పగిలినట్టు రాయించండి. ఫోటోలు తీసుకోండి. రాయించకపోతే మీరు వెళ్లే రోజు బ్యారక్ డ్యామేజ్ (పాడైనవాటి ఖర్చు) మీ లెక్కలో పడుతుంది.

సిక్కోలు ఆడపడుచు:
తాళంచెవి అక్కకి ఇచ్చేశాను. ఓనర్ గారు ఇంకో పదిహేను రోజులు ఉండమన్నారు. ఆదివారం మా ఆయన ఫోన్ చేస్తే పాతవాళ్ల యూనిట్ సంగతి చెప్తాను. థాంక్స్ అందరికీ.

సిగ్నల్స్ హవల్దార్:
అక్కా, లెటర్‌లో ఎస్‌ఎఫ్‌ఏ అని ఉందా లేదా, అది కూడా చూసి చెప్పండి.