వరదలో నానిన తలుపులను కాపాడుకోవడం ఎలా, అప్పటివరకు గుమ్మం మూసుకోవడం ఎలా?

ప్రశ్న:
2024 సెప్టెంబరు మొదటి వారంలో వచ్చిన బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లో నడుము లోతున ఐదు రోజులు నిలిచింది. వీధి గుమ్మానికి ఉన్న టేకు తలుపు ఉబ్బి ద్వారబంధంలో పట్టడం లేదు. పెరటి వైపు ఫ్లష్ డోరు (చెక్క పొరలు జిగురుతో అతికించిన చదును తలుపు) అడుగున పొరలు విడిపోయి, నానిన అట్టపెట్టెలా విచ్చుకొన్నది. వడ్రంగులందరూ పది రోజుల తరువాత వస్తామంటున్నారు. ఇంట్లో అమ్మ, నేను మాత్రమే ఉంటున్నాము. టేకు తలుపు అంచులను చిత్రిక పట్టించి ఇప్పుడే బిగించుకోవచ్చునా? పెరటి గుమ్మానికి ఈలోగా ఏమి చేయాలో అనుభవమున్నవారు తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
టేకు తలుపుకు ఇప్పుడు చిత్రిక పట్టించకండి. నీరు తాగిన కర్ర అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడవున దాదాపు మారదు; ఆరిన తరువాత తిరిగి దగ్గరకు వస్తుంది కనుక, ఈరోజు తీసివేయించిన రెండు నూళ్ళ (పావు అంగుళం) మందం రేపు గాలీ దోమలూ దూరే సందుగా మిగిలిపోతుంది. తలుపు కింద చెక్కముక్కలు దూర్చి బరువును వాటిపై ఆనించి, ముందు కింది మడతబందును, చివరగా పై మడతబందును విప్పండి. పైది ముందు విప్పితే తలుపు మీ మీదికే ఒరుగుతుంది. తుప్పు పట్టిన స్క్రూ కదలకపోతే కిరోసిన్ చుక్కలు వేసి అరగంట ఆగి, స్క్రూడ్రైవరును గాడిలో ఆనించి పిడిపై రెండు దెబ్బలు కొడితే సాధారణంగా పట్టు వదులుతుంది. తలుపును నీడలో ఇటుకల మీద నిలబెట్టి, రెండు వైపులా గాలి ఆడేటట్లు ఉంచండి. తొందరపడి ఎండలో పెడితే మెలి తిరుగుతుంది, దానిని ఏ వడ్రంగీ సరిచేయలేడు.

ఫ్లష్ డోరు సంగతి వేరు. లోపలి చెక్క గట్టిగా ఉండి పైపొర మాత్రమే లేచి ఉంటే, బాగా ఆరిన తరువాత పొరల మధ్య జిగురు పూసి, రెండు వైపులా పలకలు పెట్టి, చుట్టూ తాడు కట్టి, తాడులో కర్ర దూర్చి మెలిపెట్టి బిగించి ఒక రాత్రి వదిలేయండి. గోరుతో గిల్లితే లోపలి చెక్క పొడిగా రాలుతుంటే మాత్రం దాని మీద డబ్బు పెట్టవద్దు.

రెండవ సమాధానం:
పెరటికి తాత్కాలికంగా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక చాలు. గుమ్మం కొలతకు రెండు నూళ్ళు తక్కువగా కోయించి, లోపలి వైపు పైన ఒకటి, కింద ఒకటి అడ్డపట్టీలు, వాటి మధ్య ఒక ఏటవాలు పట్టీ బిగించండి. ద్వారబంధంలోని పాత స్క్రూ రంధ్రాలు వదులైతే వెదురు పుల్లలను జిగురులో ముంచి కూరి, ఆరిన తరువాత కాస్త పొడవైన స్క్రూలు వాడండి. ఆల్‌డ్రాప్‌కు (తాళం వేసే పెద్ద గడియకు) స్క్రూలు కాక, నట్లు లోపలికి వచ్చేలా బోల్టులు వేయండి. పలుచని పలకలో స్క్రూలు ఒక్క తన్నుకే ఊడి వస్తాయి.

అడిగినవారు:
ఏటవాలు పట్టీ ఏ మూల నుంచి ఏ మూలకు రావాలండి? ఈ గొడవంతా లేకుండా పెరటి గుమ్మానికి అడ్డంగా పలకలు మేకులతో కొట్టేయమని పక్కింటివారు అంటున్నారు.

రెండవ సమాధానమిచ్చినవారు:
మడతబందులున్న వైపు కింది మూల నుంచి గడియ వైపు పై మూలకు రావాలి. అప్పుడు గడియ వైపు బరువు పట్టీ గుండా కింది మడతబందుకు చేరుతుంది. తిరగేసి కొడితే పట్టీని మేకులే లాగి పట్టుకోవలసి వస్తుంది, నాలుగు రోజులకే తలుపు కిందికి జారి గడపకు రాసుకొంటుంది. మేకులు కొట్టి మూసేయడం మాత్రం వద్దండి. వంటగదిలో గ్యాస్ అంటుకొంటే అమ్మగారు బయటపడడానికి ఉన్నది ఆ దారే.

మొదటి సమాధానమిచ్చినవారు:
మరొక్క మాట. కొత్త తలుపు బిగించే ముందు ద్వారబంధాన్ని రెండు చేతులతో ఊపి చూడండి. గోడలోని ఇనుప పట్టీలు తుప్పు పట్టి వదులైతే, దారానికి రాయి కట్టి నిలువు చూసి, మూల నుంచి మూలకు రెండు కర్ణాల కొలతలూ సమానమయ్యేలా సందుల్లో చెక్క చీలలు కొట్టి, ఆ తరువాతే సిమెంటు పెట్టించండి. పెరటికి కొత్త తలుపు కొనేటప్పుడు నీటికి ఊడని జిగురుతో చేసినదేనా అని అడగండి. మెరైన్ ప్లైవుడ్‌కైతే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉంటుంది. రంగు వేసేవారు చూడకుండా వదిలేసే చోటు తలుపు అడుగు అంచు. నీరు ముందుగా పీల్చుకొనేది అక్కడే కనుక, బిగించక ముందే ఆ అంచుకు రెండు పూతలు మీరే వేసుకోండి.