తుంటి శస్త్రచికిత్స తరువాత పరుగు: బూట్లు, అంగ విషయంలో మీ అనుభవాలు చెప్పగలరు

తొలివెలుగు:
ఐదు నెలల క్రితం నా కుడి తుంటికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే శస్త్రచికిత్స) చేసి, చిరిగిన లేబ్రమ్‌ను, అంటే తుంటి గిన్నె అంచు చుట్టూ ఉండే మృదులాస్థి వలయాన్ని, కుట్టారు. నడకలో కొద్దికొద్దిగా పరుగు కలపవచ్చని సర్జన్ గత వారమే అనుమతించారు. అటక మీది పాత బూట్లు దించి చూస్తే, ఎడమ బూటు మడమ బయటి అంచు నున్నగా అరిగిపోయి ఉంది; కుడిదాని సోల్ మీద గళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. నొప్పితో గడిపిన రెండేళ్లూ నేను బరువంతా ఎడమ కాలి మీదే వేశానని అప్పుడు అర్థమైంది. మెత్తటి బూట్లు కొనాలా, గట్టివా? అంగ కూడా మార్చుకోవాలా?

నిదానం:
ముందుగా ఆ పాత జతను పక్కన పెట్టేయండి. ఒక వైపు అరిగిన సోల్ మీ పాత కుంటి నడకనే మళ్లీ అలవాటు చేస్తుంది. నాకూ ఇదే శస్త్రచికిత్స జరిగింది. మెత్తదనం ఎంత ఎక్కువైతే తుంటికి అంత మేలని నమ్మి చాలా మందమైన సోల్ ఉన్న జత కొన్నాను కానీ, అందులో ఒంటికాలి మీద నిలబడితే చీలమండ అటూ ఇటూ ఊగేది, ఆ ఊగును అదుపు చేయలేక ఇంకా బలం పుంజుకోని పిరుదు కండరాలు త్వరగా అలసిపోయేవి. అందుకే ఇప్పుడు దుకాణంలోనే బూట్లు తొడుక్కొని ఒక్కో కాలి మీద 30 సెకన్లు నిలబడి చూస్తాను. మడమకూ ముందుపాదానికీ మధ్య ఎత్తు తేడా ఇదివరకు మీకు 10 మిల్లీమీటర్లు ఉంటే, ఇప్పుడు ఒక్కసారిగా సున్నాకు దిగకండి. ఆ భారం పిక్కల మీద, మడమ వెనుక స్నాయువు మీద పడుతుంది. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం వేళ కొనడం మంచిది.

అడుగుజాడ:
బూట్ల కన్నా అంగే ముఖ్యమని నా అభిప్రాయం. పాదం శరీరానికి బాగా ముందుకు పడితే ఆ దెబ్బ మోకాలికీ తుంటికీ చేరుతుంది. వేగం పెంచకుండానే నిమిషానికి పడే అడుగులను 5 శాతం పెంచితే అంగ దానంతటదే పొట్టిదవుతుంది, తుంటి మీద భారమూ తగ్గుతుంది. కుడి పాదం 30 సెకన్లలో ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నాకు మొదట 39 వచ్చింది, అంటే 156 అడుగులు. మెట్రోనోమ్ (సమాన లయలో టక్‌టక్‌మనే సాధనం) పెట్టుకొని 164కు తేవడానికి ఆరు వారాలు పట్టింది. వెనుక నుంచి ఎవరితోనైనా వీడియో తీయించుకోండి. కుడి కాలి మీద బరువు పడిన ప్రతిసారీ నా నిక్కరు నడుము పట్టీ ఎడమ వైపుకు జారినట్టు వాలిపోయేది. అది కుడి పిరుదు కండరం బలహీనతేనని ఫిజియోథెరపిస్టు చూపించేదాకా నాకు తెలియలేదు.

మలుపు:
నాది పూర్తి తుంటి మార్పిడి కనుక ఈ సలహాలు నాలాంటివారికి యథాతథంగా వర్తించవు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2019 జనవరిలో శస్త్రచికిత్స చేయించుకొని అక్టోబరులో యాంట్‌వెర్ప్‌లో టైటిల్ గెలిచారని చాలామంది ఉదాహరిస్తారు. కానీ ఆయనకు చేసింది తొడ ఎముక తలను ఉంచి దానికి లోహపు తొడుగు వేసే రీసర్ఫేసింగ్. కృత్రిమ కీలు అరుగుతుందని నా సర్జన్ పరుగు వద్దన్నారు, నేను వేగంగా నడుస్తున్నాను. మార్పిడి తరువాత కాళ్ల పొడవులో తేడా ఉన్నట్టు అనిపిస్తే, వైద్యుడు కొలిచి చెప్పకుండా మడమ కింద మెత్తలు పెట్టుకోకండి.

తొలివెలుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఒంటికాలి పరీక్షలో నిలకడగా ఉన్న ఓ మోస్తరు మందం జతనే తీసుకున్నాను. నిన్న ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక చొప్పున ఐదు విడతలు చేశాను. ఈ ఉదయం గజ్జల్లో నొప్పి లేదు. రేపు విశ్రాంతి తీసుకొని, ఎల్లుండి మళ్లీ అంతే చేస్తాను. వీడియో తీయడానికి మా అబ్బాయి ఒప్పుకున్నాడు.