గ్రీన్‌లాండ్ భాషలో ‘-కర్-’: ప్రత్యయమా, ధాతువా?

ప్రశ్న:
గ్రీన్‌లాండ్ భాష అయిన కలాల్లిసుత్ వ్యాకరణం చదువుతున్నాను. ఆ భాషలో ఇంటిని ‘ఇల్లు’ అనే అంటారు. దానికి ‘-కర్-’, ఆపైన ప్రథమ పురుష ఏకవచన ప్రత్యయం ‘-పొక్’ చేరితే ‘ఇల్లొకర్‌పొక్’, అనగా ‘అతనికి ఇల్లు ఉంది’ అనే పూర్తి వాక్యం ఒకే పదంగా ఏర్పడుతున్నది. ఈ ‘-కర్-’ను ‘ఉండు’ వంటి ధాతువుగా భావించి దీన్ని సమాసం అనవచ్చునా, లేక మన ‘ప్రేమించు’లోని ‘-ఇంచు’ వంటి ప్రత్యయమనే చెప్పాలా?

జవాబు 1:
ప్రత్యయమే. ధాతువైతే ఎక్కడో ఒకచోట పదాదిన నిలవాలి. ‘-కర్-’ ఎన్నడూ అలా నిలవదు. నామాన్ని విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు కూడా దానికి ఆధారంగా ‘పి-’ అనే అర్థశూన్యమైన ప్రాతిపదికను ముందుంచి ‘పెకర్‌పొక్’ అంటారు. (అంగుట దగ్గర పలికే ఆ కకారం ముందు ఇకారం ఎకారంగా, ఉకారం ఒకారంగా వినిపిస్తాయి, మీ ఉదాహరణలో ‘ఇల్లు’ ‘ఇల్లొ’ అయినది అందుకే.) అయితే ‘-ఇంచు’తో పోలిక సగమే చెల్లుతుంది. ‘-ఇంచు’కు సొంత అర్థం చాలా పలుచన, అక్కడ ‘-లియొర్-’ అంటే తయారుచేయు, ‘-తొర్-’ అంటే తిను లేక తాగు. ‘కాఫీ తాగుతున్నాడు’ అనడానికి ‘కఫ్ఫిసొర్‌పొక్’ చాలు. ఇకారం తర్వాత తకారం సకారమైంది.

జవాబు 2:
పై జవాబుకు ఒక చేర్పు. ఇలా పుట్టిన క్రియ మళ్లీ నామం కాగలదు, ఆ నామం మళ్లీ క్రియ కాగలదు. ‘ఇల్లులియొర్‌పొక్’ అంటే ఇల్లు కడుతున్నాడు, ‘ఇల్లులియొర్‌తొక్’ అంటే ఇల్లు కట్టేవాడు, ‘ఇల్లులియొర్‌తొకర్‌పొక్’ అంటే ఇల్లు కట్టేవాడు ఉన్నాడు.

జవాబు 3:
ప్రత్యయమని అంత తేలికగా తేల్చివేయడం నాకు సమ్మతం కాదు. ‘మర్లున్నిక్ అమ్మస్సత్తొర్‌పుంగ’ అన్న వాక్యాన్ని చూడండి: ‘రెండు అమ్మస్సక్ చేపలు తిన్నాను’ అని అర్థం. చేప పేరు క్రియ లోపల ఇమిడిపోయినా, దాన్ని విశేషించే ‘రెండు’ మాత్రం తృతీయ వంటి విభక్తితో బయటే నిలిచింది. ‘ప్రేమించు’ లోపలి ప్రేమకు ఇలా బయట విశేషణం తగిలించలేము. 1980లో భాషాశాస్త్రవేత్త జెరాల్డ్ సేడాక్ ఇటువంటి వాక్యాలను ఆధారం చేసుకొని ఇది నామం క్రియలో విలీనమయ్యే ప్రక్రియ అని వాదించగా, విలీనానికి రెండు స్వతంత్ర ధాతువులు కావాలి గనుక ఇది ప్రత్యయం చేరి కొత్త పదం పుట్టే వ్యుత్పత్తి మాత్రమేనని మరో భాషాశాస్త్రవేత్త మారియన్ మిథున్ 1984లో అభిప్రాయపడ్డారు. నా దృష్టిలో రూపాన్ని బట్టి మిథున్ మాట, వాక్యంలో ప్రవర్తనను బట్టి సేడాక్ మాట సరైనవి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మరి ఆ ‘ఇల్లు’ మన ఇల్లేనా?

జవాబు 1:
కాదు, కాకతాళీయం. కొన్ని ఇతర ఇన్యూట్ భాషల్లో అది ‘ఇగ్లు’. గ్రీన్‌లాండ్‌లో ‘గ్ల’ కాస్తా ‘ల్ల’గా మారింది.