పాత సింగర్ 29కె తోలు మిషను: బాగు చేసుకోవడం, వాడుకోవడం

హనుమకొండ_సంచులు
సభ్యులకు నమస్కారం. మా ఊళ్లో చెప్పుల దుకాణం ఎత్తివేస్తున్న ఒక పెద్దాయన దగ్గర సింగర్ 29కె మిషనును ఇనుప కాళ్లతో, తొక్కుడు పలకతో సహా కొన్నాను. చక్రం కొంచెం కూడా కదలడం లేదు. నల్లరంగు సగం ఊడిపోయింది. బాబిన్ (కింది దారం చుట్టుకునే చుట్ట) మరీ చిన్నది. తంగేడు చెక్కతో పదును చేసిన గేదె తోలుతో భుజానికి తగిలించుకునే సంచులు, నడుము బెల్టులు కుట్టాలని నా ఉద్దేశం. రెండు పొరలు కలిపితే మందం 4 మిల్లీమీటర్లు వస్తుంది. బిగుసుకుపోయిన మిషనును ఎలా వదులు చేయాలి, ఏ సూది, ఏ దారం వాడాలి, మోటారు తగిలించవచ్చా, రంగు మళ్లీ వేయించాలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

రాణీగంజ్_రెంచ్
నా దగ్గరికి వచ్చే పాత మిషన్లలో చాలావాటికి పట్టింది తుప్పు కాదు, కొబ్బరినూనె. ఇంట్లో ఉన్న నూనె ఏదైతేనేమని రెండు తరాలపాటు పోసిన కొబ్బరినూనె, వేరుశెనగ నూనె లోపల ఎండి లక్కలా గట్టిపడతాయి; చూసేవారు మిషను పని అయిపోయిందనుకొని పాత ఇనుము కొట్టుకు తూకానికి వేస్తారు. ముందుగా సూది, షటిల్ (కింద సూది దారపు ఉచ్చును పట్టుకునే భాగం), బాబిన్ తీసివేయండి. ప్రతి నూనె రంధ్రంలో, తల పైభాగాన తిరిగే వలయం చుట్టూ, బూటులోకి దూర్చే సన్నటి చెయ్యి చివర మూత కింద కిరసనాయిలు చుక్కలుగా వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చచేసి, చక్రాన్ని ముందుకొకసారి వెనక్కొకసారి ఓపికగా ఆడించండి. సుత్తి మాత్రం ముట్టుకోవద్దు, ఎందుకంటే అది పోత ఇనుము, వంగదు, విరుగుతుంది. కదలిక వచ్చాక మళ్లీ కిరసనాయిలు పోసి మురికి కారిపోనిచ్చి, ఆ తరువాత తప్పనిసరిగా తెల్లటి మిషను నూనె వేయాలి. కిరసనాయిలు మురికిని కరిగిస్తుంది కానీ అరుగుదలను ఆపదు. రంగు జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ఆంబూరు_అనుభవం
నేను తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి బూట్ల కర్మాగారాల్లో ఫోర్‌మన్‌గా జీవితం గడిపినవాణ్ణి కనుక నా మాట వినడం మీకే మేలు. కిరసనాయిలు సంగతి చిన్న పిల్లవాడికైనా తెలుసు. అసలు సంగతి మోటారు. 1440 చుట్లు తిరిగే అర హార్స్‌పవర్ క్లచ్ మోటారుకు (ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూ, పెడలు తొక్కినప్పుడే మిషనును తిప్పే రకం) 2 అంగుళాల పుల్లీ, మిషను వైపు 8 అంగుళాల పుల్లీ వేస్తే షాఫ్టు నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది. ఆ మాత్రం వేగం లేకపోతే మీ సంచులు అమ్మి ఎప్పుడు బాగుపడతారు?

జీను_కుట్టు
పెద్దవారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఈ సలహాను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. 29కె గంటల తరబడి ఉత్పత్తి చేయడానికి పుట్టిన మిషను కాదు, మరమ్మతులకు పుట్టిన ప్యాచింగ్ (అతుకులు వేసే) మిషను. దాని షటిల్ గుండ్రంగా తిరగదు. సన్నటి చెయ్యి లోపల పళ్ల కడ్డీ ఒకటి ముందుకూ వెనక్కూ జరుగుతూ చిన్న పళ్లచక్రాన్ని తిప్పితే, ప్రతి కుట్టుకూ షటిల్ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతుంది. సెకనుకు ఆరు కుట్ల చొప్పున పన్నెండుసార్లు ఆ పళ్లు దిశ మార్చుకుంటే ఎంతకాలం నిలుస్తాయి? పళ్లు అరిగితే సూది లేచే సమయానికి షటిల్ మొన ఆలస్యంగా చేరుతుంది, దారపు ఉచ్చు అందదు, కుట్లు వదిలేస్తుంది. అప్పుడు జనం సూదిని నిందిస్తారు.

ఆంబూరు_అనుభవం
జీను కుట్టేవారికి గుర్రాల సంగతి తెలిసి ఉండవచ్చు గానీ కర్మాగారం సంగతి తెలియదని అర్థమవుతోంది. మా మరమ్మతు విభాగంలో 29కె మోటారు మీదే నడిచింది. పుస్తకాలు చదివి మిషన్లకు జాతకాలు రాయడం మానుకోండి.

జీను_కుట్టు
కర్మాగారంలో పళ్లకడ్డీ అరిగితే కంపెనీ డబ్బుతో కొత్తది వేస్తారు. ఇక్కడ అడిగిన వ్యక్తి సొంత డబ్బుతో వేయించుకోవాలి. ఆ తేడా ఫోర్‌మన్ గారికి కనిపించకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

డాలస్_తోలుపని
మీరిద్దరూ క్లచ్ మోటారు చుట్టూనే తిరుగుతున్నారు. వేగం తగ్గించుకోగల సర్వో మోటారు వచ్చాక ఈ వాదానికి అర్థం లేదు. అయితే చవకరకం సర్వోలు బాగా తక్కువ వేగంలో మందపాటి తోలు దగ్గర ఆగిపోతాయి కనుక, మధ్యలో మూడింట ఒక వంతుకు వేగం దించే పుల్లీ పెట్టె వేస్తే వేగం తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. అయినా పొడవాటి బెల్టులకు 29కె ఎందుకు? నా దగ్గర సింగర్ 111డబ్ల్యు155 ఉంది. అందులో కింది పళ్లు, సూది, లోపలి పాదం మూడూ కలిసి తోలును జరుపుతాయి కనుక పై పొర, కింది పొర ఒకదానిని దాటి ఒకటి జారవు. ఇండియాలో ఆ మోడల్ దొరకకపోతే అదే పద్ధతిలో నడిచే పాతవి వేరే ఉన్నాయి.

ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. "తోలు కుట్టే పారిశ్రామిక మిషను" అని ప్రకటనల్లో అమ్మేవాటిలో చాలా భాగం ఇళ్లలో బట్టలు కుట్టుకునే నల్ల మిషన్లే. నాకు అలాంటిదే అంటగట్టిన అమ్మకందారు, వీడియోలో దానితో బెల్టు కుట్టి చూపించాడు. చక్రం చేత్తో తిప్పితే ఏ మిషనైనా నాలుగు కుట్లు వేస్తుంది మరి.

నాన్నగారి_మిషను
"మరమ్మతులకు పుట్టినది" అన్న మాటను అంత తేలికగా అనకండి. మా నాన్నగారు చెప్పుల కొట్టులో ఈ మిషను మీదే మమ్మల్ని చదివించారు. బూటు బొటనవేలి దగ్గర కుట్టు విడిపోతే, ఆ సన్నటి చెయ్యిని బూటు లోపలి చివరిదాకా దూర్చి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో తల మీది వలయాన్ని కొద్దికొద్దిగా మళ్లించేవారు. పాదం ఏ దిక్కుకు తిరిగితే కుట్టు ఆ దిక్కుకు నడుస్తుంది, బూటు మాత్రం కదలదు. మీ 111 బల్లపరుపు మిషను మీద ఆ పని చేసి చూపించండి. సంచి మూలలకు, గుండ్రటి అడుగుకు, తయారైన సంచిలో తెగిన పట్టీకి దీనికి మించినది లేదు. మోటారు వద్దనడానికి కూడా అదే కారణం: రెండు చేతులూ, కన్నూ ఒకే కుట్టు మీద ఉండాల్సిన పని ఇది.

డాలస్_తోలుపని
నేను బెల్టుల గురించి మాట్లాడాను, బూట్ల గురించి కాదు. మీ నాన్నగారి పనితనాన్ని నేనెక్కడా తక్కువ చేయలేదు.

సూదిమొన
ఇంతమంది ఇంత రాశారు, సూది సంగతి ఎవరూ చెప్పలేదు. 29కెకు దానికంటూ వేరే సూది రకం ఉంది. తోలు మొనది 29×3, గుండ్రటి మొనది 29×4 అని అడగాలి. దుకాణదారు వేరే మిషన్లకు వాడే డిబి×1 రకం సూది ఇచ్చి "ఇదీ పడుతుంది" అంటే తీసుకోవద్దు, పొడవు తేడా వల్ల షటిల్‌కు ఉచ్చు అందదు. సూది మీది పెద్ద అంకె దాని మందం: 110 అంటే 1.10 మిల్లీమీటర్లు, 140 అంటే 1.40. చిన్న బాబిన్‌తో టెక్స్ 70 దారానికి (టెక్స్ అంకె పెరిగేకొద్దీ దారం మందం) 110 సూది, టెక్స్ 90కి 110 లేదా 125 సరిపోతాయి. టెక్స్ 135 వేస్తే బాబిన్ నాలుగు అడుగులు కుట్టేలోపే ఖాళీ అయినట్టుంటుంది, టెన్షన్ (దారం బిగువు) కూడా కుదరదు. ఎండలో తిరిగే సంచులకు నైలాన్ కంటే పాలిస్టర్ దారం ఎక్కువ కాలం నిలుస్తుంది.

మొన విషయంలో కూడా జాగ్రత్త వహించాలి. కుట్టు వెంబడి చీల్చే ఎస్ మొనతో చిన్న కుట్లు వేస్తే ఆ చీలికలన్నీ దగ్గరపడి తోలు ఆ గీత మీదే చిరుగుతుంది. దానికి పొడవాటి కుట్టే తగినది. కుట్టుకు 45 డిగ్రీల వాలుగా చీల్చే ఎల్‌ఆర్ మొనతో పైకుట్టు చూడటానికీ అందంగా వాలి ఉంటుంది.

క్లైడ్_ఒడ్డు
స్కాట్లాండ్ నుంచి రాస్తున్నాను. 29కెలోని 'కె' క్లైడ్‌బ్యాంక్ పట్టణంలోని కిల్‌బౌవీ కర్మాగారానికి గుర్తు. 1911లో అక్కడ దాదాపు 11,000 మంది కార్మికులు సమ్మె చేశారు. 1980లో అది మూతపడింది. రైల్వే స్టేషను పేరు మాత్రం ఈనాటికీ 'సింగర్'. కాబట్టి అమ్మేవారు "బ్రిటిష్ వారి కాలం నాటిది" అని ధర పెంచితే నమ్మకుండా, సీరియల్ నంబరు ముందున్న ఆంగ్ల అక్షరాలను బట్టి తయారైన సంవత్సరం చూసుకోండి.

ఆంబూరు_అనుభవం
మిషను బిగుసుకుపోయి ఉంటే స్టేషన్ల పేర్లు చెబుతున్నారు. బాగుంది.

హనుమకొండ_సంచులు
అందరికీ కృతజ్ఞతలు. రాణీగంజ్ గారు చెప్పినట్టే చేశాను, చక్రం తిరుగుతోంది, 29×3 సూదితో కుట్టు కూడా పడుతోంది. అయితే పొడవు సర్దే మరను చివరిదాకా జరిపినా కుట్టు 2 మిల్లీమీటర్లు దాటడం లేదు. పైగా పాదం పళ్లు తోలు మీద చారలు పెడుతున్నాయి.

రాణీగంజ్_రెంచ్
మొదటిది పాత 29కెలన్నింటి జబ్బు. ఇందులో తోలును జరిపేది కింది పళ్లు కాదు, పై పాదమే; ఆ పాదానికి కదలిక తెచ్చే మీట మూలలు అరిగి మధ్యలో సందు వస్తే, జరగవలసిన దూరంలో సగం ఆ సందులోనే పోతుంది. పాదాన్ని వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి, చక్రం కదలకుండానే పాదం ఊగితే లోపం అక్కడే ఉంది. అరిగిన చోట ఇత్తడి అతుకు వేయించి ఆకురాయితో పాత కొలతకు తెచ్చుకోవచ్చు, లేదా నకలు విడిభాగం కొనవచ్చు. నకలుదైతే బిగించే ముందు పాతదానితో పక్కపక్కన పెట్టి కొలవాలి. చారలకు ముందు పాదం ఒత్తిడి తగ్గించండి. అప్పటికీ పోకపోతే, కరెంటు తీగల అతుకుల మీద వేడిచేసి ముడుచుకునేలా చేసే గొట్టం ముక్కను పాదానికి తొడగండి. అరిగినప్పుడల్లా మార్చుకుంటే సరిపోతుంది.

ఆంబూరు_అనుభవం
ఇత్తడి అతుకు నిలవదు. స్టీలుతో నింపించి లేత్ పనివాడి చేత సాపు చేయించాలి.

రాణీగంజ్_రెంచ్
ఆ చిన్న మీటకు స్టీలు వెల్డింగు వేడి తగిలితే వంకర తిరుగుతుంది. మీ కర్మాగారంలో తిరగలేదేమో, నా బల్ల మీద తిరిగినవి ఉన్నాయి.

కొత్త_సభ్యురాలు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. 29కెలోనూ, డాలస్ గారు చెప్పిన 111డబ్ల్యు155లోనూ వెనక్కి కుట్టే మీట లేదు కదా, కుట్టు చివర ముడి ఎలా వేస్తారు?

నాన్నగారి_మిషను
అమ్మా, 29కెలో చాలా సులువు. చివరి కుట్టు పడ్డాక సూది తోలులో ఉండగానే పాదం ఎత్తి, తల మీది వలయాన్ని సగం చుట్టు తిప్పి, పాదం దించి అవే రంధ్రాల్లో మూడు కుట్లు వెనక్కి నడపండి. రంధ్రం తప్పకుండా ఆ మూడు కుట్లూ చక్రం చేత్తో తిప్పే వేయాలి. 111లో అయితే పైదారాన్ని కింది వైపుకు లాగి రెండు దారాలనూ ముడివేసి, చివరలను రెండు మిల్లీమీటర్లు వదిలి కోయండి. నైలాన్, పాలిస్టర్ దారమైతే అగ్గిపెట్టెతో ఆ చివరలను కరిగించి నొక్కండి, మంట తోలుకు తగలనివ్వకండి.