‘పొట్ట విప్పి’ చూడాలా, ‘విచ్చి’ చూడాలా?

చర్మాల డాక్టరు: మెడ వెనకా చంకల్లోనూ చర్మం నల్లబడి మందమెక్కే అకాంథోసిస్ నైగ్రికాన్స్ మీద వ్యాసం రాస్తున్నాను. చాలామందిలో కారణం ఊబకాయం, షుగరు. కానీ బక్కపలచని నడివయసు మనిషికి ఉన్నట్టుండి వచ్చి, పెదవులకీ అరచేతులకీ పాకిందంటే జీర్ణాశయంలో క్యాన్సర్ ఉందేమో చూడాలి. శీర్షికకి వేమన పాదం పెడదామని. ‘విప్పి’ కరెక్టా, ‘విచ్చి’ కరెక్టా?

ఛందోపిచ్చి: రెండూ గలమే (ఒక గురువు, ఒక లఘువు), గణాలు తేల్చవు. ముందు పై పాదం చూసుకోండి. బళ్లో అందరూ ‘మేలిమై యుండు’ దగ్గర ఆపేస్తారు. అక్కడ ఇంద్రగణం పడాలి, ‘యుండును’ అంటేనే ఇంద్రగణాల్లో ఒకటైన భగణం అవుతుంది.

నెల్లూరు మాష్టారు: మూట మనం విప్పుతాం, పువ్వు దానంతటది విచ్చుతుంది. ఇక్కడ పండు తెరిచేది మనిషి. కాబట్టి విప్పి.

పాత ప్రతులు: మాష్టారూ, ‘విచ్చి’ అని అచ్చయిన ప్రతులూ ఉన్నాయి. చీల్చడమనే అర్థం పాత వాడుకలో లేదంటారా? 1829లో బ్రౌను దొర అచ్చేసిన దాంట్లో ఏముందో చూడాలి.

నెల్లూరు మాష్టారు: దొర దాకా దేనికి, మా నాయనమ్మ ‘విప్పి’ అనేది.

మేడిచెట్టు: ఆ పురుగులు నిజానికి బుల్లి కందిరీగలు. అవి లోపలికి దూరకపోతే మేడికి పరాగసంపర్కమే లేదు. వేమన వాటిని అనవసరంగా తిట్టాడు!

చర్మాల డాక్టరు: నాకు నచ్చింది పోలిక తిరగబడటం. ఇక్కడ లోపలి పురుగుని పైతోలే పట్టిస్తోంది. ఒక్కోసారి అరచెయ్యి బోటిలా ముడతలు దేరుతుంది, ఇంగ్లీషు పేరూ అదే. గడ్డ తీసేస్తే చర్మం మామూలైన కేసులున్నాయి. ఇంతకీ ఏది పెట్టను?

పాత ప్రతులు: అసలా పద్యమే పెట్టకండి. మూడో పాదం మర్చిపోయారా? ‘పిరికివాని మదిని బింక మీలాగురా’. రోగిని పిరికివాణ్ణి చేస్తారా?

నెల్లూరు మాష్టారు: రోగి ఎందుకవుతాడు? మచ్చ చూసుకుని కూడా ‘నాకేం కాలేదు’ అని డాక్టరు దగ్గరికి వెళ్లనివాడి బింకం అది. భేషుగ్గా సరిపోయింది.

ఛందోపిచ్చి: ‘బింకము ఈలాగురా’ అని విడదీసి చదవండి బాబూ. మా క్లాసులో సగం మంది ‘మీ లాగు’ అనుకుని నవ్వేవాళ్లు.

మేడిచెట్టు: ‘ఈలాగు’ ఎందుకు, ‘ఇట్లురా’ అని కూడా విన్నాను.

ఛందోపిచ్చి: ‘బింక మిట్లురా’? గణం చెడింది.