నా గొంతు ఇమ్మంటున్నారు, ఇవ్వనా?

కోడంబాక్కం గొంతు (చెన్నై)

అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం లోపల ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అంతలో నలుగురి మాటా విందామని రాస్తున్నాను.

నేను డబ్బింగ్ చెబుతాను. ఇరవై రెండేళ్లయింది. నా పేరు మీరెవరూ విని ఉండరు గానీ గొంతు మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు మోగే ఉంటుంది. తమిళం నుంచి తెలుగుకొచ్చే సీరియళ్లలో ఆస్పత్రి నర్సు, పక్కింటావిడ, గుడి మెట్ల దగ్గర పూలమ్మే ముసలమ్మ, ఇట్లాంటివన్నీ నేనే. మొదటి ఆరేళ్లు క్రౌడ్‌లోనే ఉన్నాను. ఒక మైకు చుట్టూ ఎనిమిది మందిమి నిలబడి పెళ్లి సీనుకు నవ్వేవాళ్లం, గొడవ సీనుకు అరిచేవాళ్లం. పని నేర్చుకున్నది అక్కడే. ప, బ, మ వచ్చిన చోట పెదాలు మూసుకుంటాయి కదా, తెర మీది మనిషి పెదాలు కూడా అక్కడే మూసుకోవాలి. అది తప్పితే మాట ఎంత బాగున్నా అతకదు.

పోయిన నెల ఒక సంస్థ నుంచి కో-ఆర్డినేటర్ ద్వారా కబురొచ్చింది. పది గంటలు చదవాలట. మామూలుగా, కోపంగా, ఏడుస్తూ, గుసగుసగా. దాంతో ఏఐ గొంతు తయారుచేస్తారు. డబ్బు ఒక్కసారే ఇస్తారు. ఆ మొత్తం మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు ఫీజుకు సరిపోయి ఇంకొంచెం మిగులుతుంది. కాగితం ఇంగ్లీషులో ఉంటే అమ్మాయే చదివి చెప్పింది. ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అన్ని మాధ్యమాల్లో, అన్ని అవసరాలకూ, శాశ్వతంగా వాడుకుంటారని ఉంది. 'శాశ్వతంగా' అన్న మాట ఇంకోసారి చదివించుకున్నాను.

నా భయం ఏంటో ఒక సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. ఎనిమిదేళ్ల కిందట ఒక సీరియల్లో తల్లి పాత్ర దొరికింది. అత్తింట్లో దెబ్బలు తిని కూతురు గుమ్మం కిందకొచ్చి నిలబడుతుంది. నా చేతికిచ్చిన పేజీలో తల్లి మాట ఇలా ఉంది: "భర్త కొట్టాడని పుట్టింటికొస్తావా?" తమిళంలో అంత కరుకు లేదు. బొమ్మలో ఆ తల్లి కళ్లు చూసినా ఆ మాట అనే మనిషిలా లేదు. నేను హెడ్‌ఫోన్స్ తీసేసి, ఈ మాట నా నోట రాదండీ అన్నాను. రచయిత పెద్దాయన, కోప్పడలేదు. బొమ్మ నాలుగుసార్లు తిప్పి చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాసిచ్చాడు: "బిడ్డా, ఏడవకు. పైకి రా, ఇట్టా రా." లెక్క చూడండి, రెండింట్లోనూ పన్నెండే అక్షరాలు. మొదటి అక్షరం దగ్గరా ఏడో అక్షరం దగ్గరా పెదాలు మూసుకుంటాయి. ఒక్క టేకులో అయిపోయింది. ఆ రోజు స్టూడియో నుంచి పవర్‌హౌస్ బస్టాపు దాకా నడుచుకుంటూ వచ్చాను. అంత తృప్తి నాకు ఏ పెద్ద పాత్రకూ కలగలేదు.

ఇప్పుడు నా గొంతు యంత్రంలో ఉంటే, ఆ మొదటి మాట అనను అని చెప్పేదెవరు?

2025 ఆగస్టులో ధనుష్ పాత హిందీ సినిమా తమిళ కూర్పును ముగింపు మార్చి మళ్లీ విడుదల చేశారు. అసలు కథలో చనిపోయే నాయకుడు ఏఐ పుణ్యమా అని బతికాడు. దర్శకుడూ ధనుష్ ఇద్దరూ ఒప్పుకోమని బహిరంగంగానే చెప్పారు. అంతటివాళ్ల మాటే చెల్లలేదు. క్రౌడ్‌లోంచి వచ్చినదాన్ని, నన్నెవరు అడుగుతారు?

ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పుడు క్రౌడ్‌కు వచ్చే పిల్లల్లో ఇద్దరికి నేనే మైకు ముందు నిలబడడం నేర్పాను. నా గొంతొక్కటి యంత్రంలో ఉంటే పదిమంది ముసలమ్మలకూ అదే సరిపోతుంది. మరి ఆ పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? నువ్వివ్వకపోతే ఇంకొకరిస్తారమ్మా, అంటుంది మా అమ్మాయి. అదీ నిజమే.

చెప్పండి.

మిక్సింగ్ బల్ల (వడపళని)

అక్కా, నేను సౌండ్ మిక్సింగ్ చేస్తాను. ముందు పనికి సంబంధించిన మాట. పోల్చుకునేంతగా గొంతు అనుకరించడానికి ఇప్పుడు కొద్ది నిమిషాల రికార్డింగ్ చాలు. పది గంటలు అడిగారంటే మీతో అన్ని రసాలూ పలికించబోతున్నారనే అర్థం. ఒకసారి మోడల్ తయారయ్యాక అందులోంచి మీ గొంతొక్కటే పీకి ఇవ్వడం అయ్యే పని కాదు. కాబట్టి ఇబ్బందొస్తే అప్పుడు చూద్దాంలే అనుకోవద్దు.

చట్టం మాటకొస్తే, 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షను ప్రదర్శన ఇచ్చేవాళ్ల హక్కులది. 2012 సవరణలో దానికి 38బి చేర్చారు. మన ప్రదర్శనను వక్రీకరించి మన పేరు చెడగొడితే అడ్డుకునే హక్కు అది. 2024 జూలైలో అర్జీత్ సింగ్ కేసులో బొంబాయి హైకోర్టు, అనుమతి లేకుండా ఆయన గొంతును అనుకరించడం ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయితే ఇవన్నీ అనుమతి ఇవ్వనివాళ్లకు అండ. మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టారంటే చేతులారా ఇచ్చినట్టే.

మన బాలుగారి సంగతి గుర్తుందా? పాట పక్కన పెట్టినా డబ్బింగ్‌లో ఆయన మనవాడు. కమల్ హాసన్ పది వేషాలేసిన సినిమాలో తెలుగుకు ఏడు వేషాలు ఆయనొక్కరే చెప్పారు, ముసలమ్మతో సహా. ఆయన పోయాక 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఏఐతో ఆయన గొంతు వాడారని, తమను అడగలేదని కుటుంబం లీగల్ నోటీసు పంపింది. అదే సమయంలో, 2024 జనవరిలో, ఇక్కడే రెహమాన్ తన పాటలో చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులు వాడారు. ముందు కుటుంబాలను అడిగి, డబ్బిచ్చి మరీ వాడారు. ఆ పాట వింటే నాకిప్పటికీ కొంచెం గుబులుగానే ఉంటుంది, కానీ తప్పు పట్టలేను.

అమెరికాలో నటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేసింది. దాంతో సాధించుకున్న వాటిలో ఇదీ ఉంది: నటుడి డిజిటల్ రూపం వాడాలంటే దేనికో చెప్పి ఒప్పించుకోవాలి, డబ్బివ్వాలి. మీరూ అదే అడగండి. దేనికి, ఎన్నాళ్లకు, ఎంతకు అని. ఒంటరిగా వెళ్లొద్దు.

పాత సంచికలు (తిరువాన్మియూర్)

ఇవ్వొద్దమ్మా. 1947 జూలైలో ఈ ఊళ్లోనే చందమామ మొదలైంది. ఆ బొమ్మలు చూస్తూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. మొన్న మనవడు ఏఐతో చందమామ తరహా బొమ్మ చేయించి నా పుట్టినరోజుకు పంపాడు. రాజకుమారి, మర్రిచెట్టు, చేతివేళ్లు, అన్నీ సరిగ్గా కుదిరాయి. వాడి ప్రేమకు కళ్లు చెమర్చాయి. కాసేపటికి అలవాటు కొద్దీ, చందమామ చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారి 'వ.పా.' అన్న సంతకం కోసం మూల చూశాను. అక్కడ ఎవరి పేరూ లేదు. ఆ బొమ్మ నేర్చుకున్నది ఎవరి చేతి నుంచో వాడికి తెలియదు, చెప్పినా ఆ చేతికి ఏమీ ముట్టదు. మీ గొంతుకు ఆ గతి పట్టకూడదు.

జయనగర్ శ్రోత (బెంగళూరు)

ఇంకో వైపు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నాకు చూపు లేదు. తొమ్మిదో ఏట పోయింది. మాది ఆదోని, ఇక్కడ బ్యాంకులో పని.

నేను తెలుగు చదివేది కంప్యూటర్ గొంతుతో. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, దానితోపాటు ఈస్పీక్ గొంతు వస్తుంది. తెలుగు పలుకుతుంది, అందుకు రుణపడి ఉన్నాను. అది లేకపోతే ఈ చర్చే చదవలేను. కానీ రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది. తల్లి చచ్చిపోయే పేజీనీ రైళ్ల వేళల పట్టికనీ ఒకే తీరుగా చదువుతుంది. సంభాషణ వస్తే ఎవరు ఎవరితో అంటున్నారో నేనే ఊహించుకోవాలి. 2012 సవరణ అన్నారు కదా, మాలాంటివాళ్లు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని చెప్పిందీ ఆ సవరణే. 2016లో సుగమ్య పుస్తకాలయం అని ఆన్‌లైన్ లైబ్రరీ కూడా వచ్చింది. ఫైలు దొరుకుతుంది. దాన్ని చదివే మంచి తెలుగు గొంతు దొరకదు.

నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి కాలేజీ దాకా మా అమ్మ చదివి పెట్టింది. వంటయ్యాక రాత్రి పది నుంచి పదకొండు దాకా. ఆమె కళ్లకు శుక్లాలొచ్చి ఒక నవల సగంలో ఆగిపోయింది. తర్వాత ఆపరేషను అయింది, చూపు బాగుంది, కానీ ఇప్పుడు గంటసేపు చదివే ఓపిక లేదు. పగలు సీరియళ్లు చూస్తుంది, నేను సెలవు రోజుల్లో పక్కన కూర్చుని వింటాను. ఒకసారి ఆస్పత్రి నర్సూ వేరే సీరియల్లో పూలమ్మే ముసలమ్మా ఒకరేనని అమ్మతో పందెం వేశాను. ఇద్దరికీ 'అమ్మా' అన్నప్పుడు చివర చిన్న విరుపు ఉంది. మొహాలు వేరురా, అని అమ్మ ఒప్పుకోలేదు. మీ రాత చదివాక, ఆ గొంతు మీదేనేమో అనిపించింది.

ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు, నేనూ అదే అంటాను. కానీ యంత్రానికి గొంతు ఇవ్వడమే పాపం అంటే మాకు ఎప్పటికీ ఆ రేకు డబ్బానే మిగులుతుంది. పుస్తకాల వరకు, మీకు సమ్మతమైన షరతులతో ఇచ్చే దారి ఉందేమో చూడండి. మిక్సింగ్ చేసే అన్నగారు కూడా ఆలోచించండి.

కోడంబాక్కం గొంతు (చెన్నై)

పది రోజులు ఆలస్యమైంది, క్షమించండి.

మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. పుస్తకాలు చదవడానికి మాత్రమే, మూడేళ్లకు, సినిమాలకూ సీరియళ్లకూ ప్రకటనలకూ వాడకూడదు, అని తెలుగులో రాసుకుని పోయి బల్ల మీద పెట్టాను. మర్యాదగానే మాట్లాడారు. పైవాళ్లను అడగాలన్నారు. సోమవారం పోయింది, మళ్లీ ఫోను రాలేదు. సంతకం పెట్టలేదు. ఫీజుకు గాజులు బ్యాంకులో పెట్టాను.

క్రౌడ్ పిల్లలను అడిగితే అదే కాగితం అయిదుగురికి వచ్చిందట. ఇద్దరు అప్పటికే పెట్టేశారు. ఒకమ్మాయికి ఇంటద్దె బాకీ. ఆ పిల్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మిగతా ముగ్గురూ నేను రాసిన షరతులు ఫోనులో ఫొటో తీసుకున్నారు. మిక్సింగ్ తమ్ముడూ, వాళ్లకు ఆ 38బి సంగతి ఒకసారి వివరంగా చెప్పాలి, ఎప్పుడు రమ్మంటావు?

జయనగర్ బాబూ, ఆ విరుపు నాదే. మా నాయనది నెల్లూరు, ఇంట్లో అట్లాగే పిలిచేవాళ్లం. పోగొట్టుకోమని మొదట్లో ఒక ఇంజనీరు చెప్పాడు, పోలేదు. యంత్రం సంగతి తేలేదాకా నువ్వు ఆగాల్సిన పని లేదు. ఆదివారం పొద్దున తెలిసినవాళ్ల స్టూడియో రెండు గంటలు ఖాళీగా ఉంటుంది, వాడుకోమన్నారు. ఆ నవల పేరు రాయి. అమ్మ ఏ పేజీ దగ్గర ఆపిందో ఆమెనడిగి చెప్పు.